బూడిద రంగు సోఫా మీద ఓ ఎర్ర తువ్వాలు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, ఇప్పుడు నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రోజూ మెట్రోలో వెళ్లి వస్తాను. మొన్న మా తొమ్మిదేళ్ల పాప స్కూల్ ప్రాజెక్టు రాసుకుంటూ "అమ్మా, నీకు ఏ రంగు ఇష్టం?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. బీరువా తీసి చూస్తే అన్నీ నలుపు, నేవీ బ్లూ, బూడిద రంగు బట్టలే. గోడలు ఆఫ్ వైట్, సోఫా గ్రే. చిన్నప్పుడు బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దడం మా ఇంట్లో నా పనే. ఆ పిల్లను నేనేనా అనిపిస్తోంది. రీల్స్‌లో రంగురంగుల ఇళ్లు చూస్తే ఆశ పుడుతుంది, ఆ వెంటనే టెన్షన్ కూడా. మా వారేమో "ఇల్లు నీట్‌గా ఉంది కదా, ఇప్పుడివన్నీ ఎందుకు" అంటారు. నాకు బొమ్మలు వేయడం రాదు, పెద్దగా ఖర్చూ పెట్టలేను. హాల్లో ఒక్క గోడకైనా రంగు వేయిద్దామని మాత్రం ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఇదంతా పనీపాటా లేని ఆలోచన అంటారా?

– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: పాప అడిగినదానికి జవాబు తట్టకపోతే అది మీ లోపం కాదు, ప్రశ్నలోనే తిరకాసుంది. మామిడిపండు పసుపు చీర అంచులో ఉంటే ముచ్చటగా ఉంటుంది. అదే పసుపు నాలుగు గోడలకూ కొట్టిస్తే సాయంత్రానికల్లా తలనొప్పి పట్టుకుంటుంది. పక్కన ఏముంది, పైన ఏ వెలుగు పడుతోంది అన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. కాబట్టి నా సలహా ఇది: ఇప్పుడే రంగులు కొనకండి. కొన్నాళ్లు జతలు చూడండి, ఏ రంగు పక్కన ఏది ఉంటే మీ చూపు ఆగుతోందో గమనించండి.

ఇది మీకు కొత్త విద్యేం కాదు. మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు మీరు చేసే పనే. అబ్బాయి రామా గ్రీన్‌లోనే నాలుగైదు రూబియా తానులు తీసి చీర కొంగు మీద పరుస్తాడు. ట్యూబ్‌లైటు కింద ఒకటి అచ్చం కలిసినట్టే ఉంటుంది. అయినా మీరు నమ్మరు. చీరనూ ఆ తానునూ పట్టుకుని గుమ్మం బయటికి, ఎండలోకి వస్తారు. అక్కడ చూస్తే జాకెట్టు బట్ట కాస్త నీలానికి తిరిగి ఉంటుంది. "ఇది కాదు బాబూ, ఇంకోటి తియ్యి." ఇందులో మీ చాదస్తం ఏమీ లేదు. చీరకు వేసిన అద్దకం వేరు, జాకెట్టు బట్టకు వేసింది వేరు. ట్యూబ్‌లైటు వెలుగులో కొన్ని రంగుల పాలు తక్కువ, ఎండలో అన్నీ ఉంటాయి. అందుకే ఒక వెలుగులో ఒక్కటిగా కనిపించిన రెండు బట్టలు ఇంకో వెలుగులో విడిపోతాయి. సైన్సు వాళ్లు దీన్ని మెటామెరిజం అంటారు. మన ఆడవాళ్లు ఆ పేరు వినకుండానే తరాలుగా ఈ పరీక్ష చేస్తున్నారు.

పక్క రంగు సంగతికొస్తే, దాన్ని మొదట పద్ధతిగా పట్టుకున్నది ఒక కెమిస్టు. పారిస్‌లో గోబెలిన్స్ అని రాజుల కాలం నాటి నేత కార్ఖానా ఉంది. అక్కడి అద్దకం విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రూల్ పెద్దగా ఉండేవాడు. నల్ల దారానికి నలుపు సరిగా ఎక్కడం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమే లేదు. ఆ నల్ల దారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేస్తున్నారు, అందుకే అది వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ చిక్కు వెంటపడి ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. పక్కపక్కన పెట్టిన రెండు రంగుల్లో ఒకటి కనిపించే తీరును ఇంకొకటి మార్చేస్తుందన్నది దాని సారం.

ఇక మీ గ్రే సోఫా. దాన్ని తిట్టుకోకండి, ఈ పనికి అంతకంటే మంచి సామాను దొరకదు. ఇంట్లో ముదురు ఎరుపు తువ్వాలు ఒకటి ఉంటుంది కదా, దాన్ని మడిచి సోఫా మధ్యలో పెట్టండి. ఎదురుగా కూర్చుని, తువ్వాలు అంచు దగ్గరే ఓ నిమిషం చూపు నిలపండి. అంచు పక్కన బూడిద రంగు కొద్దిగా ఆకుపచ్చకు తిరిగినట్టు అనిపిస్తుంది. తువ్వాలు తీసేసి పసుపు గుడ్డ పెట్టండి, ఈసారి అదే చోటు ఊదా ఛాయకు జరుగుతుంది. సోఫా మారలేదు, మీ కన్ను లెక్క మార్చింది. పాపను కూడా కూర్చోబెట్టి చూపించండి. ఆ ప్రాజెక్టుకు "మా అమ్మకు ఇష్టమైన రంగు" కంటే ఇదే బాగుంటుంది, టీచర్‌కు కూడా కొత్తగా ఉంటుంది.

బొమ్మలు వేయడం రాదన్నారు. గునుగుకు రంగులద్దిన మనిషి ఆ మాట అంటే నేను ఒప్పుకోను. ఒకసారి గుర్తు చేసుకోండి. గునుగు కాడలు ఒక్క కొలతకు కోసి, కట్టలు కట్టి, రంగునీళ్లలో తలలు ముంచి ఆరబెట్టేవారు. కొన్ని కట్టలు మాత్రం తెల్లగానే వదిలేసేవారు. తాంబాళంలో బతుకమ్మను పేర్చేటప్పుడు ఆ తెల్ల కట్టలు ఎక్కడికి పోయేవి? ఎర్ర వరుసకూ గులాబీ వరుసకూ నడుమకు. ఆ తెలుపు లేకపోతే ఎరుపు, గులాబీ ఒకదాన్నొకటి మింగేస్తాయి, దూరం నుంచి చూసేవాళ్లకు రెండు వరుసలూ ఒకటే ముద్దగా కనిపిస్తాయి. తంగేడు పసుపు పక్కన నీలం కట్ల పూలు పెడితే రెండూ లేచొస్తాయి. ఇది మీకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. మీ అమ్మో అమ్మమ్మో "అక్కడ కాదు, ఇక్కడ పెట్టు" అని చెయ్యి పట్టి జరిపించి ఉంటారు. ఆర్ట్ కాలేజీల్లో రంగుల పాఠం కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే ఫీజు కట్టాలి.

మెట్రోలో వెళ్తానన్నారు కదా. జేఎన్‌టీయూలో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారుతుంటారని అనుకుంటున్నాను. ఆ దారిలో కాసేపు ఫోన్ బ్యాగులో పడేయండి. పిల్లర్ల మీద పోయే బండి కాబట్టి కింద నడిచేవాళ్లకు కనిపించని మిద్దెలు మీకు కనిపిస్తాయి. "ఈ రోజంతా పసుపు వస్తువులే వెతకండి" అని కొందరు ఆటలు చెబుతుంటారు. నాకైతే అవి రెండో రోజుకే విసుగొస్తాయి. మీరు జత కోసం చూడండి, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి దొరికితే చాలు. నల్ల నీళ్ల ట్యాంకు పక్కన ఆరేసిన రాణీ పింక్ నైటీ. ఇటుకల కుప్ప మీద కప్పిన నీలం టార్పాలిన్. నీలం, నారింజ ఎదురెదురు రంగులు కాబట్టి ఆ పాత టార్పాలిన్ కూడా కొత్తగా మెరుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో కొన్ని రోడ్ల పక్కన టబీబుయా చెట్లు ఆకు రాల్చేసి ఒంటి నిండా గులాబీ పూలతో నిలబడతాయి. ఎండలు ముదిరాక రేల చెట్లకు పసుపు పూలు, తురాయికి ఎరుపు. తురాయి కింద పసుపు ఆటో ఆగి ఉంటే ఆ రోజు మీ వంతు పూర్తయినట్టే.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి దుర్గం చెరువు వైపు పోతుంటే బిల్డింగుల మధ్య ఇంకా కొన్ని రాళ్లు మిగిలి ఉన్నాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. అందరం గ్రే అనుకుని తీసిపారేస్తాం. పొద్దుటి ఎండ పడినప్పుడు చూడండి, చాలా రాళ్లలో గులాబీ ఛాయ తెలుస్తుంది. పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వల్ల వచ్చే రంగు అది. పక్కనే సిమెంటు గోడ ఉంటే తేడా ఇంకా బాగా బయటపడుతుంది. హైదరాబాద్‌కు సొంత రంగు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ గులాబీ బూడిదే అంటాను. గోల్కొండ గోడలు కూడా ఈ గ్రానైట్‌తో కట్టినవే.

రంగు ఒక్కటే కాదు, పేజీ మీదో బోర్డు మీదో దేన్ని ఎక్కడ, ఎంత పెద్దగా పెట్టారన్నదీ చూడండి. మీ వంటింట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే దగ్గరికెళ్లి ఒక్క గడి చూడండి. తేదీ అరచేతి దూరం నుంచీ, గుమ్మం దగ్గర నుంచీ కూడా కనిపించేంత పెద్దది. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం చిన్న అక్షరాల్లో, కావలసినవాళ్లు దగ్గరికొచ్చి చదువుకునేటట్టు. ఆదివారాలు, సెలవులు ఎరుపు. అమావాస్యకు నిండు నల్ల చుక్క, పున్నమికి ఖాళీ గుండ్రం. చదువు రాని ముసలమ్మ కూడా ఆ చుక్క చూసి అమావాస్య ఎప్పుడో చెప్పేస్తుంది. అంకెల గడులతో బతికే మీకు ఇందులో గొప్ప నాకంటే బాగా తెలుస్తుంది. రేపు ఆఫీసులో మీ ఎక్సెల్ షీటు తెరిచి, ఐదారు రంగులున్న చోట ఒక్క రంగే ఉంచి చూడండి, మేనేజర్ చూడాల్సిన గడికి మాత్రమే. (పుట్టినరోజు ఫ్లెక్సీల గురించి నన్ను అడగకండి. ప్రతి అక్షరానికీ ఒక నీడ, ప్రతి పేరుకూ ఒక రంగు, పన్నెండు మంది ఫొటోలు. ఆ సందడిలో పుట్టినరోజు ఎవరిదో తెలియదు.) పాతబస్తీ సందుల్లో చేత్తో రాసిన బోర్డు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆగి చూడండి. తలకట్టు దగ్గర పెయింటర్ బ్రష్ తిప్పిన చోట గీత లావై, చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది.

ఓ ఆదివారం పాపను తీసుకుని చార్మినార్ వైపు వెళ్లండి. అటే పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ అషూర్‌ఖానా ఉంది, మొహర్రంలో షియా ముస్లింలు సంతాపం పాటించే చోటు, కుతుబ్‌షాహీల కాలం నాటిది. గోడల నిండా రంగురంగుల పలకల పనితనం. మీరు చూడాల్సింది మాత్రం గోడ కింది భాగం. 1908 మూసీ వరదలో నీళ్లు లోపలికొచ్చి కింది పలకలు దెబ్బతిన్నాయి. తర్వాత ఆ మేరకు అదే తరహా డిజైన్‌ను పెయింట్‌తో వేశారు. పైనా కిందా దాదాపు అవే రంగులు, అవే తీగలు. కానీ పై పలకల మీద గాజు పూత ఉంది. వెలుగు దాంట్లోకి దిగి మళ్లీ బయటికొస్తుంది, అందుకే రంగుకు లోతు ఉంటుంది. పెయింట్ మీద పడిన వెలుగు అక్కడికక్కడే చెదిరిపోతుంది. మీరు రెండు అడుగులు పక్కకు జరిగితే పైభాగం మెరుపు మారుతుంది, కింది భాగం ఉన్నట్టే ఉంటుంది. ప్రార్థనలు జరిగే చోటు కాబట్టి తలమీద చున్నీ వేసుకుని, చెప్పులు బయట విడిచి, అడిగి లోపలికి వెళ్లండి. మొహర్రం రోజుల్లో వద్దు, వాళ్ల దుఃఖానికి మనం అడ్డం. వచ్చేటప్పుడు లాడ్ బజార్‌లో లక్క గాజులు చూడండి. ఈ గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కొనేముందు మీ మ్యాచింగ్ సెంటర్ పద్ధతి మర్చిపోకండి. షాపు బల్బుల కింద ధగధగలాడిన రాళ్లు ఎండలో ఎలా ఉన్నాయో చూసి బేరం మొదలుపెట్టండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నలుపు, నేవీ బ్లూ తీసేయకండి, అవి పక్క రంగును నిలబెడతాయి. ఒక్క పోచంపల్లి చున్నీ చాలు. ఊరు హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్లలోపే, పోయి మగ్గం మీదే చూడొచ్చు. దారాన్ని నేతకు ముందే అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు అంచున రంగు కొంచెం లోపలికి పాకుతుంది, నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే ఆ బొమ్మల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. ప్రింటు చున్నీలో ఆ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. పట్టు చీర కొనే యోగం ఉంటే నెమలికంఠం రంగు తీసుకోండి. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు కాబట్టి కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా చీర రంగు మారుతుంది. కావాలంటే మడత విప్పి ఒక్క పోగు లాగి చూడండి, అందులో నెమలికంఠం ఉండదు.

ఇంటి విషయానికి వస్తే, గోడ కంటే ముందు బల్బు. చాలా ఇళ్లలో హాల్లో ఉండేది 6500కె (కెల్విన్, వెలుగు ఛాయకు కొలత) ట్యూబ్‌లైటు, డబ్బా మీద కూల్ డేలైట్ అని రాసి ఉంటుంది. ఆ వెలుగు నీలానికి మొగ్గుతుంది. దాని కింద ఎరుపు, నారింజ, చెక్క రంగు చల్లబడిపోతాయి, మనుషుల ముఖాలు కూడా. హాల్లో ఒక మూలకు 3000కె వార్మ్ వైట్ దీపం పెట్టి, సాయంత్రాలు అదొక్కటే వేసి చూడండి. డబ్బా మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. మామూలు వాటిలో 80 దగ్గర ఉంటుంది, 90 దాటితే ఎరుపులు బాగా పలుకుతాయి. బల్బు ఖర్చుతో గోడ రంగు సగం మారిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి మీ ఆఫ్ వైట్ ఏ ఆఫ్ వైటో ఆ రోజే మొదటిసారి తెలుస్తుంది.

రీల్స్‌లో చూసే ఇళ్లకు ఫిల్టర్ వేస్తారు, పైగా ఫోన్ స్క్రీన్ తన వంతు రంగు పెంచుతుంది. ఆ టెర్రకోటా (కాల్చిన మట్టి రంగు) గోడ మీ నిజాంపేట హాల్లో ఎలా ఉంటుందో వాళ్లకూ తెలియదు.

మీ వారి మాట కూడా కొట్టిపారేయకండి. రోజంతా బయట గోల పడి వచ్చిన మనిషికి ఖాళీ గోడ హాయి కావచ్చు. పడకగది ఆయన ఇష్టానికి వదిలేయండి. హాల్లో మీరు చేసేది ముందు ఒక దీపం, ఒక గుడ్డ. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పనీపాటా లేని ఆలోచనా అని అడిగారు. కాదు. అయితే ఒక్కటి అడుగుతాను. వెలిసిపోయింది రంగులేనా, లేక తిండి, నిద్ర, పాపతో కబుర్లు కూడా రుచించడం లేదా? రెండు వారాలకు మించి అన్నీ అలాగే ఉంటే చున్నీలు, బల్బులు పక్కనబెట్టి ముందు డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఉత్తరంలో నాకు అలాంటి జాడ కనిపించలేదు కానీ, అడగకుండా ఉండలేను.

చివరగా మీ గోడ. షేడ్ కార్డు చూసి ఎంచుకోవద్దు. వేలెడంత ముక్కలో లేతగా కనిపించిన రంగు పదడుగుల గోడ మీద గట్టిగా అరుస్తుంది. మీకు నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. చిన్న శాంపిల్ డబ్బా కొని, పెద్ద చార్ట్ పేపర్ మీద రెండు కోటింగులు వేసి, టేపుతో గోడకు అంటించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద, సోఫా వెనకాల, తలుపు పక్కన – ఓ వారం తిప్పి తిప్పి చూడండి. అప్పటికీ నచ్చితే ఓనర్‌ను అడిగి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకుని వేయించేయండి. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ చార్జీలంటూ అడ్వాన్సులో ఎలాగూ కోసుకుంటారు, ఆ డబ్బుకు ఈసారి కాస్త రంగైనా దక్కనివ్వండి.